ఎరవు బండి: అపరాధ మెవ్వరిది?

మన తెలుగుభాషలో ఇచ్చిపుచ్చుకొనుటను గురించి రెండు వేర్వేరు మాటలు కలవు. ఒకటి అప్పు, రెండవది ఎరవు. ధాన్యమును, ధనమును అప్పుగా తెచ్చుకొందుము. తెచ్చిన గింజలనే తిరిగి యిచ్చువాడు లేడు. అంత కొలతగల వేరు గింజలను కొలిచి యిచ్చిన ఋణము తీరును. నగను, పాత్రను, ఎద్దుల జతను ఎరవు తెచ్చుకొందుము. అచ్చట కొలతకు తావు లేదు. ఏ నగను తెచ్చితిమో ఆ నగనే, ఏ రూపమున తెచ్చితిమో ఆ రూపముననే తిరిగి అప్పగింపవలెను. "ఎరవుల సొమ్ము బరువుల చేటు" అను సామెత ఈ భేదమును ఎరిగినవారి నోట పుట్టినదే. పరుల సొమ్ము ఒంటిమీద నున్నంతసేపు మనస్సున కొక బరువు ఉండును. ఆ బరువు ఉండుటయే ధర్మము, లేకుండుట అధర్మము.

ధర్మశాస్త్రకారులును ఈ విషయమును విడిచిపెట్టలేదు. అడిగి తెచ్చుకొన్న వస్తువునకు యాచితమని పేరు. యాజ్ఞవల్క్య స్మృతి దానిని నిక్షేపముతో చేర్చి, ఉభయములకును ఒకే విధిని చెప్పినది. ఆ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను వ్రాసిన విజ్ఞానేశ్వరుడు, పెండ్లి మొదలగు ఉత్సవములకై అడిగి తెచ్చుకొన్న వస్త్రాభరణాదులే యాచితమని వివరించెను. ఆయన ఆరవ విక్రమాదిత్యుని కాలమున కల్యాణపురమున నివసించినవాడు. తరువాతి శతాబ్దమున బసవేశ్వరుడు మంత్రిగా నుండిన నగరమును అదియే.

నేడు పెండ్లిండ్లకును, జాతరలకును నగలకంటె ఎక్కువగా ఎరవు తెచ్చుకొనునది మోటారు సైకిలు. నగ పోయిన నగ మాత్రమే పోవును. బండి పడిన బండితోపాటు నడుపువాని కాలు, వెనుక కూర్చున్నవాని తల, త్రోవను పోవు మూడవవాని ప్రాణము కూడ పోవచ్చును. కావున పాత సామెతకు నేడు క్రొత్త అర్థమును వెదకవలసియున్నది. ఇంకను నేర్పు కుదరని యువకుడు మిత్రుని బండి నడిగి తెచ్చి, మలుపునందు అదుపు తప్పి పడవైచిన యెడల అపరాధ మెవ్వరిది? అడిగినవానిదా, ఇచ్చినవానిదా, లేక దైవవశమని సరిపెట్టుకొనవలసినదా? ఈ ప్రశ్న చిన్నదిగా కనుపించును గాని, దానివలన విడిపోయిన స్నేహములును, మాటలు మానుకొన్న బంధువులును లేని గ్రామము అరుదు.

ముందుగా జరుగుచున్న దేమియో చూతము. 2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖ ప్రకటించినది. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములపై నున్నవారే. శిరస్త్రాణము, అనగా హెల్మెట్టు, ధరింపక మరణించినవారు 50 వేలమంది. ఎరవు బండికిని ఈ సంఖ్యకును ఒక సంబంధము కలదు. బండి నిచ్చువాడు తాళపుచెవి నిచ్చును గాని హెల్మెట్టు నిచ్చుట అరుదు. అది అతని తల కొలతకు కొన్నది. ఇంటిలో మేకునకు వ్రేలాడుచుండును.

క్రొత్తవాడు ఎట్లు పడును? దూకుడువలననే పడునని పెద్దలు తలంతురు. అది కొంతవరకే నిజము. చాలమంది పదిగజముల దూరము పోకమునుపే పడుదురు. క్లచ్చిని మెల్లగా విడువవలెనని వినియుందురు గాని, ఈ బండి క్లచ్చి ఎచ్చట పట్టునో వారి వ్రేళ్ళకు తెలియదు. ఒక్కసారిగా విడువగానే బండి ముందునకు ఎగురును. శరీరము వెనుకకు వ్రాలును. చేతులు పిడిని గట్టిగా పట్టుకొని యుండుటచే, శరీరముతోపాటు మణికట్టు వెనుకకు తిరిగి యాక్సిలరేటరు మరింత తెరచుకొనును. భయము పెరిగినకొలది పట్టు బిగియును. పట్టు బిగిసినకొలది వేగము హెచ్చును. చూచువారు "కావలెనని ఉరికించినాడు" అందురు. వాడు ఆపవలెననియే ప్రయత్నించుచుండును.

మరియొకటి చూడుడు. మలుపునందు గులకరాళ్ళు కనబడగానే క్రొత్తవాడు ముందు బ్రేకును ఒక్క ఉదుటున పిసుకును. చక్రము బిగిసి జారును. ఎదుట గోడ కనబడిన గోడనే చూచును, గోతిని తప్పింపగోరి గోతినే చూచును. చూపు ఎచ్చట నిలుచునో బండి అచ్చటికే పోవును. ప్రక్క స్టాండును ఎత్తుట మరచి బయలుదేరినవాడు ఎడమ మలుపున అది నేలకు తగిలి పడును. ఇవన్నియు నేర్పు లోపములే గాని దుష్టత్వములు కావు.

పరుల బండియైనప్పుడు ఈ లోపములు ఇబ్బడి యగును. పాత బుల్లెట్టు బండ్లలో గేరు కుడికాలి వద్దను, బ్రేకు ఎడమకాలి వద్దను ఉండెడివి. వేరు బండ్లపై నేర్చినవాడు దానినెక్కి, ఆపవలెనని కుడికాలితో నొక్కిన గేరు మారెడిది గాని బండి ఆగెడిది కాదు. పాత ఎజ్దీ బండిలో కిక్కు కొట్టు కడ్డీయే ముందునకు త్రిప్పిన గేరు కడ్డీ యయ్యెడిది. నేటి బండ్లలో ఇంత భేదము లేకున్నను, కొన్నిటిలో గేరును క్రిందికి నొక్కవలెను, కొన్నిటిలో పైకెత్తవలెను. ఒకటి 110 కిలోలు తూగును, మరియొకటి 180 దాటును. యజమాని కాలికిని చేతికిని ఇవి అలవాటైయుండును. బ్రేకు కొంత వదులుగా నున్నదని అతనికి తెలియును. తెలిసి ముందుగనే నొక్కును. ఎరవు తెచ్చినవానికి ఆ రహస్యము తెలియదు.

అమెరికాలో హ్యారీ హర్ట్ అను ఆచార్యుడు లాస్ ఏంజిలిస్ ప్రాంతమున 900 మోటారు సైకిలు ప్రమాదములను సంఘటనాస్థలమునకు పోయి పరీక్షించి, 1981లో తన నివేదికను ప్రకటించెను. ప్రమాదమునకు గురియైనవారిలో సగమునకు పైగా ఆ బండిపై 5 నెలలకంటె తక్కువ అనుభవము గలవారు. కాని రోడ్డుపై వారి మొత్తము అనుభవము దాదాపు 3 సంవత్సరములు. అనగా నడుపుట తెలిసినవారే, ఆ బండి తెలియనివారు. నూటికి 92 మంది తమంతట తామో, ఇంటివారివలననో, మిత్రులవలననో నేర్చినవారు. ప్రమాదములు చాలవరకు చిన్న పనులపై పోవు చిన్న ప్రయాణములలో, బయలుదేరిన చోటికి దగ్గరలోనే సంభవించినవి. "ఇట్లా వెళ్ళి అట్లా వస్తాను" అను మాట ఏ దేశమునందైనను ఒకటే.

ఇక అపరాధవిచారము. అడిగినవానితో ప్రారంభింతము. అతని దోషము పడుటయందు లేదు. నేర్చుకొనువాడు పడుట సహజము. నడక నేర్చు శిశువు పడినందుకు ఎవ్వరును నిందింపరు. అతని దోషము ఇచ్చువాడు "నీకు వచ్చునా?" అని యడిగినప్పుడు "వచ్చు" అని చెప్పుటయందున్నది. ఆ ఒక్క మాటతో అతడు ఇచ్చువాని వివేకమును దొంగిలించినాడు. నిజము తెలిసియుండిన ఇచ్చువాడు ఇచ్చియుండునో లేదో ఎవ్వరును చెప్పలేరు. ఆ నిర్ణయము చేయు హక్కును అబద్ధము హరించినది. బండి నెరవు తేవచ్చును గాని నేర్పును ఎరవు తేలేము. లేని నేర్పును ఉన్నదని చెప్పుట, గిల్టునగను బంగారమని కుదువపెట్టుట వంటిదే.

అయితే ఆ యువకుడు అబద్ధమాడుట దేనివలన? తోడివారియందు చులకన యగుదునేమో యను సిగ్గువలన. ఇచ్చువాడు సందేహించుచునే తాళపుచెవి నిచ్చుట దేనివలన? కాదనిన స్నేహము చెడునేమో యను సంకోచమువలన. ఈ రెంటికిని మన భాషలో ఒకటే పేరు కలదు: మొగమాటము. మొగమాటమును మనము మంచితనమని భ్రమింతుము. అది మంచితనము కాదు. మంచితనము ఎదుటివాని క్షేమమును చూచును. మొగమాటము ఎదుటివాని ముఖమున మనపట్ల కనబడు భావమును మాత్రమే చూచును. ఒకడు "రాదు" అని చెప్పజాలక, మరియొకడు "ఇవ్వను" అని చెప్పజాలక, ఇద్దరును నవ్వుచునే ఒక ప్రాణమును పందెమొడ్డుదురు.

ఇచ్చినవాడు "నేనేమి చేయుదును? అడిగినాడు, ఇచ్చితిని" అని తప్పించుకొనగలడా? న్యాయశాస్త్రము ఒప్పుకొనదు. 1872నాటి భారత కాంట్రాక్టుల చట్టము ఎరవునుగూర్చి చెప్పుచు గుఱ్ఱమును ఉదాహరణముగా తీసికొన్నది. తన గుఱ్ఱము పొగరుబోతని తెలిసియు, ఆ సంగతి చెప్పక ఎరవిచ్చినచో, అది బెదరి పరుగెత్తి ఎక్కినవానిని పడద్రోసిన నష్టమునకు ఇచ్చినవాడే బాధ్యుడు. ఒక్క పైసా పుచ్చుకొనక ఇచ్చినను ఈ బాధ్యత తప్పదు. బ్రేకు పట్టదని, టైరు అరిగినదని తెలిసియు చెప్పక బండి నిచ్చువాడు ఆ గుఱ్ఱపు యజమానియే. అదే చట్టము తెచ్చుకొన్నవానిని కూడ విడువలేదు. నీవు స్వారి చేయుటకని యిచ్చిన గుఱ్ఱమును నీ ఇంటివాని కిచ్చి, వాడెంత జాగ్రత్తగా నడపినను అది పడి గాయపడిన నష్టము నీదే యన్నది. మిత్రుని బండిని తెచ్చి తమ్మునికి "ఒక్క చుట్టు కొట్టుము" అని యిచ్చువారు ఈ ఉదాహరణమును తలచుకొనవలెను.

తరువాత వచ్చిన 1988నాటి మోటారు వాహనముల చట్టము ఇంకను స్పష్టముగా, లైసెన్సు లేనివానిచే బండిని నడుపనిచ్చుట యజమాని నేరమని చెప్పినది. 2019లో దానిని సవరించినప్పుడు ఆ నేరమునకు 5,000 రూపాయల జరిమానా, లేక మూడు నెలలవరకు ఖైదు, లేక రెండును విధించిరి. మైనరు నడపిన యెడల తల్లిదండ్రులో సంరక్షకులో బండి యజమానియో దోషి యగును. 25,000 రూపాయల జరిమానాయు, మూడు సంవత్సరములవరకు ఖైదును కలవు. తనకు తెలియకుండ జరిగినదని గాని, తాను తగిన జాగ్రత్త వహించితినని గాని ఋజువు చేసికొనిననే విముక్తి. "పిల్లవాడు ముచ్చటపడినాడు" అను మాట అచ్చట చెల్లదు.

గాయపడిన మూడవవాని విషయమున 2004లో సుప్రీంకోర్టు ఒక మార్గము చూపినది. యజమాని తెలిసియే లైసెన్సు లేనివాని కిచ్చెనని బీమాసంస్థ ఋజువు చేసిన యెడల, సంస్థ గాయపడినవారికి పరిహారము చెల్లించి, ఆ సొమ్మును యజమానివద్ద రాబట్టుకొనవచ్చును. ఇట్లు ఒక మొగమాటమువలన ఎకరముల పొలము పోవచ్చును.

ఎరవు తెచ్చినవాని కుటుంబమునకు సంబంధించిన మరియొక తీర్పు 2009లో వెలువడినది. ఒక వ్యక్తి ఎరవు తెచ్చిన మోటారు సైకిలుపై కర్ణాటకములోని ఇలకల్లు నుండి తన ఊరికి పోవుచుండగా, ముందు ఇనుపరేకులతో పోవుచున్న ఎద్దుబండి హఠాత్తుగా ఆగుటచే దానికి ఢీకొని మరణించెను. అతడు క్రొత్తవాడని గాని, దోషము చేసెనని గాని కాదు. తప్పెవ్వరిదను విచారణ లేకయే పరిహారమిచ్చు ఆనాటి సెక్షను క్రింద అతని వారసులు బండి బీమానుండి పరిహారము కోరిరి. బండిని ఎరవు తెచ్చినవాడు యజమాని స్థానమున నిలుచును గనుక, తనకు తానే పరిహారమిచ్చుకొనుట పొసగదని సుప్రీంకోర్టు చెప్పి, వేరు సెక్షను క్రింద అర్హత కలదేమో చూడుమని వ్యాజ్యమును హైకోర్టునకు పంపినది. యజమానికై 2018లో 15 లక్షల రూపాయలకు పెంచబడిన వ్యక్తిగత ప్రమాదబీమా కూడ, లైసెన్సుగల నమోదైన యజమానికి ఉద్దేశింపబడినదే. ఎరవు తెచ్చిన కుమారుడు పోయిన ఇంట, ఆ దుఃఖముతోపాటు ఈ సత్యమును తెలిసికొనవలసివచ్చుట ఎంతటి కష్టమో చదువరులే ఊహింపగలరు.

ఈ తీర్పునందు శాస్త్రము మాత్రమే గాక నీతియును కలదు. పిడిని చేతబట్టినవాడు ఆ క్షణమునుండి యజమానియే. హాయి తనది, బరువు పరులది యనుట చెల్లదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. "అట్లైన ఎవ్వరును ఎవ్వరికిని బండి నీయరాదా? అర్ధరాత్రమున ప్రసవవేదన పడుచున్న స్త్రీని ఆసుపత్రికి చేర్పవలసినప్పుడు, ఇరుగుపొరుగు బండి గాక మరేమి దిక్కు? బీదవాని కొడుకు ఎరవు బండిపై గాక ఎచ్చట నేర్చుకొనును? మొదటిదినమే నిపుణుడైనవాడు ఎవడు?" ఇది త్రోసివేయదగిన మాట కాదు. ఎరవు లేని ఊరు మనుష్యుల ఊరు కాదు. తన వస్తువును తానే అనుభవించి, తలుపు మూసికొనువాడు సుఖముగా నుండవచ్చును గాని సజ్జనుడనిపించుకొనడు.

అయితే ఆక్షేపణలోనే సమాధానము కలదు. అర్ధరాత్రమున బండి కావలసివచ్చినప్పుడు తాళపుచెవి నిచ్చి పండుకొనుట దానము కాదు. నడుప నేర్చినవాడు తానే లేచి నడుపుట దానము. నేర్చుకొనగోరు యువకునికి బండి నప్పగించుట దానము కాదు. ఆదివారము ప్రొద్దుట ఒక గంట వెచ్చించి, కోతలైన పొలములోనో పాఠశాల మైదానములోనో ప్రక్కన నిలిచి నేర్పుట దానము. నేర్చువాడు అభ్యాస లైసెన్సు పొందవలెననియు, బండికి తెల్లని పలకపై ఎఱ్ఱని 'ఎల్' అక్షరము ఉంచవలెననియు, నేర్పువానిని తప్ప మరెవ్వరిని వెనుక ఎక్కించుకొనరాదనియు నియమములు ఏర్పడియే యున్నవి. అవి బీదవానికిని అందుబాటులోనివే. వస్తువు నిచ్చుట సులభము, కాలము నిచ్చుట కష్టము. మనము సులభమైనదానిని ఇచ్చి, కష్టమైనదానిని దాచుకొని, ఉదారులమని పేరు తెచ్చుకొనుచున్నాము.

మరియొక సూక్ష్మమైన ప్రశ్న కలదు. ఇద్దరు యువకులు ఒకే దినమున, ఒకే విధముగా, రాని విద్యను వచ్చునని చెప్పి బండ్లు తెచ్చిరనుకొందము. ఒకడు క్షేమముగా తిరిగివచ్చెను. రెండవవానికి మలుపునందు ఒక వృద్ధురాలు అడ్డు వచ్చినది. లోకము మొదటివానిని ఏమియు అనదు. రెండవవానిని జీవితాంతము వ్రేలెత్తి చూపును. ఇద్దరు చేసిన పని ఒక్కటే గదా! 1976లో ఆంగ్లతత్త్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్, అమెరికా తత్త్వవేత్త థామస్ నేగెల్ ఈ చిక్కును 'నైతికభాగ్యము' అను పేరుతో చర్చించిరి. తన దోషము లేకయే బిడ్డను ఢీకొన్న లారీ డ్రైవరు సైతము ప్రక్కన నిలిచి చూచినవానివలె గాక, వేరుగా బాధపడునని, పడవలసినదేయని విలియమ్స్ చూపెను.

ఈ చిక్కు పూర్తిగా విడునది కాదు. శిక్ష విధించు న్యాయస్థానము జరిగిన హానిని చూడకతప్పదు. కాని ఇంటిలో పిల్లలకు బుద్ధి చెప్పు తల్లిదండ్రులు హానికై వేచియుండనక్కరలేదు. క్షేమముగా తిరిగివచ్చిన కొడుకును చూచి "పోనిమ్ము, ఏమియు కాలేదు గదా" అని ఊరకుండు తండ్రి, అదృష్టమును సుగుణమని పొరబడుచున్నాడు. రెండవవానికి చెప్పవలసిన మాట మొదటివానికే, మొదటి దినముననే చెప్పవలెను. అట్లే పడినవానిని నిందించునపుడు, పడక తప్పించుకొన్న మనవారిని ఒక్కసారి తలచుకొన్న, ఆ నింద కొంత మెత్తబడును.

ప్రమాదము జరిగిన పిమ్మట ఎట్లు నడచుకొనవలెను? బండి యజమాని పరుగున వచ్చి మొదట వేయు ప్రశ్నయందే అతని హృదయము బయటపడును. "బండికి ఏమైంది?" అను ప్రశ్న ఒకటి; "నీకు దెబ్బ తగిలిందా?" అను ప్రశ్న మరియొకటి. మొదటి ప్రశ్న వినినవాడు దానిని ముదిమివరకు మరువడు. తెచ్చినవాడును వంగిన హాండిలును గుట్టుగా సరిచేయించి, గీతపై రంగు పూయించి, ఏమియు ఎరుగనట్లు అప్పగింపరాదు. పైకి కనబడని వంకర లోపల మిగిలి, మరునాడు యజమాని ప్రాణమునకే ముప్పు తేవచ్చును. పడిన సంగతి నడుగకమునుపే చెప్పవలెను.

ఖర్చు మాట వచ్చినప్పుడు న్యాయమిది: తన నేర్పును గూర్చి అబద్ధమాడినవాడు మొత్తమును భరింపవలెను. బండి లోపమును దాచినవాడు తన బండి ఖర్చును అడుగరాదు, తెచ్చినవాని వైద్యమునకును తోడ్పడవలెను. రాదని తెలిసియే మొగమాటముతో ఇచ్చినవాడు సగము తన తలపై వేసికొనవలెను. ఉభయులు నిజము చెప్పియు, జాగ్రత్త వహించియు నుండగా దైవికముగా జరిగినచో, తెచ్చినవాడు ఇచ్చుటకు ముందుకు రావలెను, ఇచ్చినవాడు శక్తికొలది వలదనవలెను. ఇద్దరును ఇట్లు పోటీపడిన చోట స్నేహము విరుగదు. త్రోవను పోవు మూడవవాని బాకీ మాత్రము ఈ లెక్కలకు అతీతము. అతడు ఎవ్వరిని ఏమియు అడుగలేదు, ఎవ్వరికి ఏమియు ఇచ్చుటకు ఒప్పుకొనలేదు. అతనికి ఇద్దరును ఋణపడియుందురు.

తల్లిదండ్రులు ఈ సంగతులను పిల్లలకు ప్రమాదవార్త వినినప్పుడు గాక, తీరిక దినమున చెప్పుట మేలు. జాతరలకును ఉత్సవములకును జనమును రావించు మఠములు, ఆ దినములలో అవసరమునకు బండి నడుపుటకై అనుభవముగల ఇద్దరు ముగ్గురిని ఏర్పరచినచో, అనేక ఎరవులు ఆపనక్కరలేకయే ఆగిపోవును. అన్నిటికంటె ముందు మన ఇండ్లలో రెండు వాక్యములు సిగ్గులేకుండ పలుకుట అలవాటు కావలెను. ఒకటి, "నాకింకా సరిగా రాదు." రెండవది, "బండి ఇవ్వను, నేనే వచ్చి దింపుతాను." ఈ రెండు వాక్యములకును ఖర్చు లేదు. వీనిని పలుకుట తెలిసిన ఊరిలో ఎరవుల సొమ్మునకు బరువుండును గాని చేటు ఉండదు.